తెల్లచొక్కా కాలిపోనీ
(నలుపు నోట్సు – 9)



"మేడం, రీలు కెమెరాతో తీస్తే ఆ వెలిసిపోయినట్టు, మీగడ పూసినట్టు ఉండే లుక్ ఎట్ల వస్తది?"

ఈ ఏడాది విద్యార్థులు నన్ను ఎక్కువసార్లు అడిగింది ప్రబంధాల గురించి కాదు, దళిత కథ గురించి కాదు. ఇదిగో, దీని గురించి. ఎవరింటి అటక మీదో దొరికిన పాత కెమెరా, ఆన్‌లైన్‌లో తెప్పించిన 36 ఫోటోల రీలు, భద్రకాళి చెరువు కట్ట, వేయిస్తంభాల గుడి, కోటలో రాతి తోరణాలు. పిల్లలు లెక్కపెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కొక్క ఫోటో తీస్తున్నారు. సంతోషమే. తెలుగు చెప్పే మేడంని ఎందుకు అడుగుతున్నారంటే, దళిత కథల్లో ఒంటి రంగు మీద నోట్సు రాసుకుంటూ రాసుకుంటూ నేను ఎప్పుడో డార్క్‌రూంలోకి జారిపోయిన సంగతి మా డిపార్టుమెంటులో అందరికీ తెలుసు.

ముందు అడిగినదానికి జవాబు చెప్తాను. తర్వాత తగాదా పెట్టుకుంటాను.

కలర్ నెగటివ్ రీలుకు తక్కువ వెలుగంటే భయం, ఎక్కువ వెలుగంటే అంత భయం లేదు. డబ్బా మీద 400 అని ఉన్న రీలును కెమెరాలో 200 అని పెడితే ఒక స్టాపు, 100 అని పెడితే రెండు స్టాపులు ఎక్కువ వెలుగు లోపలికి పోతుంది. స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం. కోడక్ పోర్ట్రా 400 లాంటి రీలు రెండు స్టాపులు ఎక్కువైనా తట్టుకుంటుంది. నీడల్లో దాక్కున్నవి బయటికి వస్తాయి, గరుకుదనం తగ్గుతుంది, రంగులు లేతబడతాయి. పెళ్లి ఫోటోగ్రాఫర్లు ఎంతో ఇష్టపడ్డ ఫ్యూజీ ప్రో 400హెచ్ రీలును ఇట్లాగే ఒకటి రెండు స్టాపులు ఎక్కువిచ్చి వాడేవాళ్లు. 2021 జనవరిలో కంపెనీ దాన్ని ఆపేస్తున్నట్టు చెప్పినప్పుడు దేశదేశాల్లో వాళ్లు దిగులుపడ్డారు. స్లైడ్ రీలుతో ఈ ఆట సాగదు, కొంచెం ఎక్కువైనా వెలుగున్న చోట ఏమీ మిగలదు. ఇంకా మెత్తగా రావాలంటే డెవలప్ చేసే సమయం తగ్గిస్తారు. ఎండకు ఎదురుగా నిలబడి, మనిషి వెనక నుంచి వెలుగు వచ్చేటట్టు తీస్తారు.

ఇంకొక మాట. ఆ లుక్‌లో సగం కెమెరాలో పుట్టదు, ల్యాబులో పుడుతుంది. ఎక్కువ వెలుగు తాగిన నెగటివ్ చిక్కగా ఉంటుంది, అందులో సమాచారం నిండుగా ఉంటుంది. దాన్ని స్కాన్ చేసే మనిషి ఎంత తెల్లగా కావాలనుకుంటే అంత తెల్లగా లాగుతాడు. అదే నెగటివ్‌ను ముదురుగా కూడా దింపవచ్చు. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా తగాదా అంతా ఇక్కడే ఉంది.

ఎందుకంటే, "వెలిసిపోయిన లుక్" నేర్పే వీడియోలన్నీ వెలుగు గురించి మాట్లాడుతున్నట్టు నటిస్తూ చర్మం గురించి మాట్లాడుతున్నాయి. ముఖం మీద గీత ఉండొద్దు, ముఖం గోడలో కలిసిపోవాలి, ముక్కు నీడ మాయం కావాలి. చూపించే నమూనా ఫోటోలో ఉండేది ఎప్పుడూ ఒకే రకం అమ్మాయి. వెలుగు ఎక్కువైతే ఆ అమ్మాయి "కలలోలాగా" అవుతుంది. అదే కొలత మా వాడ పిల్ల ముఖం మీద పెడితే ఏమవుతుంది? బూడిద పూసినట్టు అవుతుంది. అప్పుడు ఆ పిల్ల అనుకునేది లెక్క తప్పని కాదు, తన ముఖం తప్పని. పోయిన నెల ఒక విద్యార్థిని తన రీలు స్కాన్లు చూపించి, "మేడం, నా ముఖానికి ఈ లుక్ సెట్ కాదు కదా" అంది. నాకు కోపం వచ్చింది, ఆ పిల్ల మీద కాదు.

ఈ లెక్క ఎక్కడిది? కెమెరాలో ఉండే మీటరు మనిషిని చూడదు, మనిషి మీద పడి తిరిగొచ్చే వెలుగును చూస్తుంది. ప్రపంచమంతా నడితరం బూడిదరంగులో ఉందనుకుని లెక్క కడుతుంది. పుస్తకాల్లో దాన్నే 18 శాతం గ్రే అంటారు. నల్లటి ముఖాన్ని దగ్గరగా చూపిస్తే, "ఇది బూడిదరంగు కావాలి కదా, వెలుగు చాలలేదు" అనుకుని ఎక్కువ వెలుగు ఇచ్చేస్తుంది, ముఖం సున్నం కొడుతుంది. అదే ముఖాన్ని నలుగురు తెల్లచొక్కాల మధ్య చూపిస్తే, "అబ్బో, వెలుగు ఎక్కువైంది" అనుకుని తగ్గిస్తుంది, ముఖం మునిగిపోతుంది. ఒంటరిగా ఉంటే సున్నం, గుంపులో ఉంటే మసి. మన బతుకు తెలిసినవాళ్లకు ఈ రెండు గతులూ కొత్త కావు.

యంత్రానికి బుద్ధి లేకపోతే పుస్తకమైనా చెప్పాలి కదా. ఫోటోగ్రఫీ చదివినవాళ్లందరూ దండం పెట్టే ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి 1940 ప్రాంతంలో జోన్ పద్ధతి తయారుచేశాడు. నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు. నడి మెట్టు ఐదోది. ఎండలో తెల్లజాతి మనిషి చర్మం ఆరో మెట్టు మీద ఉంటుందని ఆ పద్ధతి లెక్క. ఆయన తన ఊళ్లో తన చుట్టూ ఉన్నవాళ్లను చూసి రాసుకున్నాడు, అది ఆయన తప్పనను. కానీ అదే లెక్క మన దాకా వచ్చేసరికి "చర్మం అంటే నడి మెట్టు మీద ఇంకొక స్టాపు" అనే సూత్రమైంది. ఎవరి చర్మం అనే మాట దారిలో ఎక్కడో జారిపోయింది. సూత్రాలు అట్లాగే బతుకుతాయి. మనువు రాసింది కూడా ఎవరి గురించో చెప్పకుండా "మనిషి" అనలేదా?

మా పదో తరగతి గ్రూప్ ఫోటో సంగతి చెప్తాను. 2000ల మొదట్లో, రీలు రోజులు. ముందు వరసలో కుర్చీల్లో సార్లు, మధ్యలో హెడ్మాస్టరు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో. వెనక వరసలో బెంచీ మీద మేము. ఎండ నిట్టనిలువునా ఉంది, తల మీద పడి కళ్ల కింద గుంతల్లో నీడ నింపుతోంది. ఫోటోగ్రాఫరు లెక్క చూసుకున్నది ఆ తెల్లచొక్కా మీద. ప్రింటు వచ్చింది. సారు చొక్కా మడతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. వెనక వరసలో మా ఏడుగురం పళ్లు, కళ్లు. అంతే. మా అమ్మ దాన్ని గోడకు కొట్టి, వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి చూపించేది: "ఇగో, గా పండ్లు కనవడ్తున్నయి గదా, అది నా బిడ్డె."

ఆ నెగటివ్ దొరికినా ఇప్పుడు చేయగలిగింది లేదు. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లో వెలుగు పడ్డచోట వెండి మిగులుతుంది, పడనిచోట వెండి కరిగి పోతుంది. కలర్ రీలులో వెండి బదులు రంగు మిగులుతుంది. సూత్రం ఒకటే. సారు చొక్కా ఉన్నచోట నెగటివ్ చిక్కగా ఉంటుంది. మేము ఉన్నచోట దాదాపు ఖాళీ సెల్యులాయిడ్. నెగటివ్‌లోకి ఎక్కనిదాన్ని ఏ ల్యాబువాడూ ప్రింటులో తేలేడు. ఆ రోజు ఆ ఫోటోగ్రాఫరు రెండు స్టాపులు ఎక్కువ ఇచ్చి ఉంటే ఏమయ్యేది? చొక్కా తెల్లగా కాలిపోయేది, మడతలు పోయేవి. మేము ఏడుగురం వచ్చేవాళ్లం.

అర్థమైందా, నేను ఓవర్ ఎక్స్‌పోజర్‌కు వ్యతిరేకిని కాదు. నాకంటే దాని భక్తురాలు ఈ ఊళ్లో లేదు. నేను అడిగేది ఒక్కటే: ఎక్కువ వెలుగు ఇచ్చినప్పుడు ఏది వెలిసిపోవాలి?

ఇందులో చరిత్ర ఉంది, కొంచెం ఓపిక పట్టండి. మొదటి ఫోటో పలకలు నీలాన్ని బాగా చూసేవి, ఎరుపును దాదాపు చూడలేకపోయేవి. అందుకే పందొమ్మిదో శతాబ్దపు ఫోటోల్లో ఆకాశం ఉత్త తెల్లకాగితంలా ఉంటుంది. వెలిసిపోయిన లుక్‌కు ఆదిగురువు ఆ గుడ్డి పలకే. గోధుమరంగు చర్మం నుంచి తిరిగొచ్చే వెలుగులో ఎక్కువ పాలు ఎరుపు. పలకకు ఎరుపు కనబడదు. అంటే మన పూర్వీకులు ఉన్నదానికంటే నల్లగా పడ్డారు. 1873లో జర్మనీలో హెర్మన్ వోగెల్ రంగులద్ది పలకకు పచ్చదనాన్ని చూపించడం కనిపెట్టాడు. అన్ని రంగులూ చూసే పలకలు అమ్మకానికి రావడానికి ఇరవయ్యో శతాబ్దం పుట్టాల్సి వచ్చింది, వచ్చాక కూడా అందరి చేతికీ అందలేదు. ఈలోపే మద్రాసు మ్యూజియంలో కూర్చున్న ఎడ్గార్ థర్స్టన్ మన ముక్కులు కొలిచి, మన ఫోటోలు వేసి, 1909లో ఏడు సంపుటాల 'దక్షిణ భారత కులాలు, తెగలు' అచ్చేశాడు. ఇప్పటికీ మన కులం గురించి సెమినార్ పేపర్ రాసే మహానుభావులు ఆ పుస్తకం నుంచి ఫోటో తెచ్చి స్లైడ్‌లో పెడతారు. అందులో సగం నలుపు ఆ మనిషిది కాదు బాబూ, పలకది.

తర్వాత రంగుల రీలు వచ్చింది. ల్యాబుల్లో ప్రింటు రంగు సరిచూసుకోవడానికి కోడక్ ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్ల అమ్మాయి. మొదట్లో ఆ ఫోటోకు నిలబడ్డ ఉద్యోగిని పేరు షర్లీ కాబట్టి అన్నీ షర్లీ కార్డులే అయ్యాయి. షర్లీ ముఖం బాగా వస్తే ప్రపంచమంతా బాగా వచ్చినట్టు. నల్లజాతి తల్లులు తమ పిల్లలు స్కూలు ఫోటోల్లో మసిబొగ్గుల్లా వస్తున్నారని మొత్తుకున్నారు. కోడక్‌ను కదిలించింది ఎవరో తెలుసా? చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాన్ల కంపెనీలు. మా చాక్లెట్ రంగు తేడా తెలియడం లేదు, మా బల్లల చెక్క రంగు తేడా తెలియడం లేదు అని వాళ్లు గోలపెడితే ముదురు గోధుమరంగులు పట్టే రీలు మీద పని మొదలైంది. కెనడా పండితురాలు లోర్నా రోత్ ఆ కంపెనీ పాత ఉద్యోగులతో మాట్లాడి ఇదంతా బయటపెట్టింది. కుర్చీ గోడు విన్న చెవికి మనిషి గోడు వినబడలేదు. 1970ల చివర్లో మొజాంబిక్‌లో పనిచేసిన గొడార్, కోడక్ రీలు జాత్యహంకార రీలు అని, అది వాడనని అన్నాడు. మన దగ్గర ఊటీలో ప్రభుత్వమే హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టి 'ఇందు' పేరుతో రీలు అమ్మింది. స్వదేశీ రీలు వచ్చింది గానీ, "మన దేశంలో చర్మం ఏ మెట్టు మీద ఉంటుంది" అనే పాఠం మన ఫోటోగ్రఫీ క్లాసుల్లోకి రాలేదు.

ఇక్కడ మీలో తెలివైనవాళ్లు, "అయితే మనకు ఎక్కువ వెలుగు ఇస్తే సరిపోతుంది కదా మేడం" అంటారు. ఆగండి. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ల మెడకు తగిలించిన పాస్‌బుక్కుల ఫోటోలు తీయడానికి పోలరాయిడ్ కెమెరాలు వాడారు. ఆ కంపెనీ ఐడీ-2 కెమెరాకు ఫ్లాష్ వెలుగు పెంచే ప్రత్యేకమైన మీట ఉండేది. పోలీసుకు ముఖం స్పష్టంగా కావాలి కదా! అదే కంపెనీలో పనిచేసే కరోలిన్ హంటర్, కెన్ విలియమ్స్ అనే ఇద్దరు నల్లజాతి ఉద్యోగులు 1970లో తిరగబడ్డారు. ఏడేళ్లు పట్టింది, 1977లో పోలరాయిడ్ ఆ దేశం వదిలింది. వెలుగు ఎక్కువ ఇచ్చినవాడల్లా మన చుట్టం కాదు. మనల్ని గుర్తుపట్టి పట్టుకోవడానికి కూడా వెలుగు ఇస్తారు. మీట ఎవరి చేతిలో ఉంది, ఆ ఫోటో ఎవరి గోడకు పోతుంది అనేవి కూడా అడగాలి.

తెలుగు తెర దగ్గరికి రండి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. చలం కథ. గుడి ప్రవేశం గురించి అంత ధైర్యంగా మాట్లాడిన సినిమా అప్పట్లో లేదు, ఆ మేలును కాదనను. కానీ మాలపిల్లగా ఎవరు? కాంచనమాల. ఆ రోజుల్లో అందానికి మారుపేరు. మాలపిల్లను ప్రేమించడానికి జనం ఒప్పుకోవాలంటే ఆమె మాలపిల్లలాగా ఉండకూడదు! అదే కాలానికి అటూ ఇటూగా మలయాళం మూగసినిమా 'విగతకుమారన్'లో దళిత స్త్రీ పి.కె. రోజీ నాయర్ స్త్రీ వేషం వేస్తే తెర మీద రాళ్లు పడ్డాయి, ఆమె ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. వాళ్లు మన వేషం వేస్తే కళ. మనం వాళ్ల వేషం వేస్తే నేరం. 2021లో 'పుష్ప' దాకా ఈ బేరం మారలేదు. నల్లటి కూలీ కావాలి, నల్లటి నటుడు అక్కరలేదు. రంగు డబ్బా ఉంది కదా. ఒకరికి నలుపు సాయంత్రం కడుక్కుంటే పోయే మేకప్, ఇంకొకరికి ఇంటర్వ్యూ గదిలోకి తనకంటే ముందే నడిచే సంగతి.

ఇంకో దారి లేదా అంటే ఉంది, మన తెలంగాణలోనే ఉంది. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి' చూడండి. దొర గడీలో దాసిగా అర్చన. కెమెరా ఎ.కె. బీర్. ఆమెకు ఉత్తమ నటి, ఆయనకు ఉత్తమ ఛాయాగ్రహణం, రెండూ జాతీయ అవార్డులే. ఆ ముందు ఏడాది బాలు మహేంద్ర 'వీడు' అనే తమిళ సినిమాకు కూడా అర్చనకే ఉత్తమ నటి అవార్డు. మన 'శంకరాభరణం'కు కెమెరా పట్టింది ఈ బాలు మహేంద్రే. ఉన్న వెలుగులో మనిషిని చూడటం తెలిసినవాడు. ఈ రెండు సినిమాల్లో అర్చన రంగు అర్చన రంగులాగే ఉంటుంది. గడీ గోడల మధ్య నీడ ఉంది, ఆ నీడలో ముఖం ఉంది, ఆ ముఖంలో ఏమనుకుంటోందో కనబడుతుంది. రీలు అదే రీలు. కంపెనీలు అవే. మీటరు పెట్టిన చోటు వేరు. వెలిసిపోయిన లుక్ వీడియోలు పది చూసేబదులు 'దాసి' ఒక్కసారి నిశ్శబ్దం చేసుకుని చూడమని నా విద్యార్థులకు చెప్తాను. సగంమంది చూడరు, అది వేరే సంగతి.

ఈ మోజులో ఇంకొక పొర ఉంది. వెలిసిపోయిన రంగులు ఎందుకు అంత తియ్యగా అనిపిస్తాయి? పాత ఆల్బమ్‌ల లాగా ఉంటాయి కాబట్టి. డెబ్భైలు, ఎనభైల నాటి రంగుల ప్రింట్లు వయసుతో రంగు పోగొట్టుకుని లేతబడ్డాయి. నాన్న స్కూటర్, అమ్మమ్మ ఇంటి వసారా, ఊటీ ట్రిప్పు. ఆ జ్ఞాపకం వాసన కోసం కొత్త రీలును పాతదానిలా తీస్తున్నారు. బాగుంది. కానీ ఆ ఆల్బమ్ ఎవరింట్లో ఉంది? మా వాడలో ఎనభైల నాటి ఆల్బమ్ ఉన్న ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. మా నాయనమ్మ బతుకులో దిగిన ఫోటో ఒకే ఒక్కటి, ఓటరు కార్డుది. 1993లో ఫోటో గుర్తింపు కార్డులు పెట్టారు కాబట్టి అది కూడా ఉంది. ఆమె చనిపోయాక మా నాన్న ఆ కార్డు పట్టుకుని స్టూడియోకు పోయాడు. గోరంత ఫోటోను గోడంత చేయాలి. వాళ్లు చేశారు. వెనక నీలిరంగు తెర అతికించారు, లేని పట్టుచీర కట్టారు, అడగకుండానే రంగు తేల్చారు. దండ వేసి ఉన్న ఆ ఫోటోలోని ముసలామె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మా నాయనమ్మ మాత్రం కాదు. పొద్దంతా నాటు వేసి వచ్చి గడప మీద కూర్చుంటే చీకటితో కలిసిపోయి, చుట్ట నిప్పు ఒక్కటే కనబడే మనిషి ఆమె.

అందుకే అంటున్నాను. వెలిసిపోవడాన్ని అందంగా చూడగలగడానికి ముందు ఒక రంగు అచ్చయి ఉండాలి. ఇంకా అచ్చు కానివాళ్లను వెలిసిపొమ్మంటే ఎట్లా?

"అన్నింట్లోకి కులం తెస్తారు మేడం" అనే మాట నాకు అలవాటే. నలుపు కులం కాదని నాకు తెలుసు. నల్లటి బాపనోళ్లు ఉన్నారు, పచ్చగా మెరిసే మాదిగ పిల్లలు ఉన్నారు. వాళ్లను చూసి "మీ వాళ్లలాగా లేవే" అని మెచ్చుకునే సహోద్యోగులు కూడా ఉన్నారు. ఆ మెచ్చుకోలు చాలదా, జనం బుర్రలో రంగు పక్కన కులం ఎంత గట్టిగా కుట్టి ఉందో తెలియడానికి? నల్లటి సవర్ణుడికి నలుపు ఒక లోపం, కట్నంతోనో ఉద్యోగంతోనో పూడ్చుకుంటాడు. మనకు అది సాక్ష్యం. మన పక్కనే బమ్మెరలో పుట్టిన పోతన నల్లని దేవుణ్ణి చూసి మురిసిపోయాడు. ఆ దేవుడికి క్యాలెండర్లవాళ్లు నీలం పూశారు, నలుపు ఒప్పుకోలేక. 1975లో మార్కెట్లోకి దిగిన ముఖం క్రీము 2020 జులైలో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకుంది. సరిగ్గా ఈ వీడియోలు వాడే మాటే! చర్మం తెల్లగా అనరు, గ్లో అంటారు. వెలుగు పేరు చెప్పి తెలుపు అమ్మడం పాత వ్యాపారం.

మన సాహిత్యం ఈ పని ఎప్పుడో చేసింది. గోగు శ్యామల దళిత స్త్రీల రచనలు సేకరించి దానికి 'నల్లపొద్దు' అని పేరు పెట్టింది. జూపాక సుభద్ర, శ్యామల కలిసి తెచ్చిన మాదిగ, ఉపకులాల ఆడవాళ్ల కథలకు 'నల్లరేగటి సాల్లు' అని పేరు. పేర్లలోనే మీటరు ఎక్కడ పెట్టారో చూడండి. రచయితలు నీడ మీద మీటరు పెట్టి ఇరవై ఏళ్లయింది, ఫోటోలు తీసే పిల్లలు ఇంకా తెల్లచొక్కా మీద పెడుతున్నారు.

మన ఇల్లు కూడా చూసుకుందాం. ఏప్రిల్ 14కు కట్టే ఫ్లెక్సీలు చూడండి. కింద వరసలో మన అన్నల ఫోటోలు. ఎండలో డప్పు కొట్టి, ధర్నాల్లో మాడి, నాలుగు కేసులు మోసిన ముఖాలు. ఫ్లెక్సీలో అందరూ గులాబీ రంగు! డిజైనర్ అలవాటుగా ఒక నొక్కు నొక్కుతాడు, ఎవరూ వద్దనరు. పోయినసారి ఒక అన్నను నేను అడిగాను, ఈయన ఎవరే అని. "నేనే, అక్కా" అన్నాడు.

సరే, ఇప్పుడు పని మాట్లాడుకుందాం. రీలు కొన్నవాళ్ల కోసం.

మీటరును చొక్కా మీద, ఆకాశం మీద, గుడి మీద పెట్టకండి. మనిషి మీద తిరిగొచ్చే వెలుగును కాక, మనిషి మీద పడే వెలుగును కొలిచే మీటర్లు ఉంటాయి, తెల్లటి బుడిపెతో. దాన్ని మనిషి గదవ దగ్గర పెట్టి కెమెరా వైపు తిప్పితే చాలు. దానికి చర్మం రంగు కనబడదు కాబట్టి పక్షపాతమూ లేదు. ఫోన్‌లో కూడా మీటరు యాప్‌లు ఉన్నాయి గానీ చాలామటుకు కెమెరా మీటరు జబ్బే వాటికీ ఉంటుంది. వాటితో కొలిస్తే నీడలో మీ అరచేయి చాపి, దాని మీద కొలిచి, ఒక స్టాపు ఎక్కువ ఇవ్వండి. అరచేతుల మధ్య రంగు తేడా ముఖాల మధ్య ఉన్నంత ఉండదు. పత్తి తీసే రోజుల్లో మా అమ్మ అరచేయి మాత్రం ఏ మీటరుకూ లొంగేది కాదు, గీతల నిండా నలుపు.

400 రీలును 200 పెట్టండి. వెనక నుంచి ఎండ వస్తుంటే 100 పెట్టండి. ముఖంలో నీడ ఉన్న వైపు కొలవండి. అప్పుడు వెనక ఉన్నదంతా కాలిపోతుంది. కాలిపోనీ! మే నెలలో వరంగల్ ఆకాశం ఎట్లాగూ తెల్లగానే ఉంటుంది. మిర్చి కల్లంలో నిలబడ్డ మనిషి వెనక ఆకాశం కాగితమైపోయి, ఎర్రమట్టి లేతబడి, మిర్చి రాశి మంటలాగా మిగిలి, వీటన్నింటి మధ్య ఆ మనిషి ముఖం తన అసలు నలుపుతో, చెమటతో, ముడతలతో నిలబడితే చూడండి. అది కూడా వెలిసిపోయిన లుక్కే. వెలిసిపోయింది లోకం, మనిషి కాదు. ముఖంలోకి ఇంకొంచెం వెలుగు కావాలంటే తెల్లని దుప్పటి ఒకటి పక్కన ఎవరితోనైనా పట్టించండి. సత్యజిత్ రాయ్ 'అపరాజితో'కు సుబ్రత మిత్ర ఇంటి సెట్టు పైన తెల్లగుడ్డ కట్టి, దాని మీదికి లైట్లు కొట్టి, తిరిగొచ్చిన మెత్తటి వెలుగులో తీశాడు. 1956 నాటి మాట, ఇప్పటికీ దుప్పటి ధర తప్ప ఏమీ పెరగలేదు.

ల్యాబుకు పంపేటప్పుడు కవరు మీద పెద్ద అక్షరాలతో రాయండి: "చర్మం రంగు తేల్చవద్దు. ముఖాలు ఉన్నట్టే ఉండాలి. వెనక తెల్లబడితే పర్వాలేదు." రాయకపోతే వాళ్ల అలవాటు వాళ్లు చేస్తారు. రాసినా చేస్తే మళ్లీ స్కాన్ చేయమని అడగండి, డబ్బులు మీవి, నెగటివ్ మీది. నెగటివ్‌లు వెనక్కి తీసుకోవడం మరవకండి. చాలామంది స్కాన్లు ఫోన్‌లోకి వచ్చాక నెగటివ్‌లు వదిలేస్తున్నారు. ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టి, తడి తగలని చోట దాచి, తొడుగు మీద తేదీ, ఊరు, ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు వాళ్లనే అడిగి రాయండి. ఇంటిపేరుతో సహా.

వచ్చే ఆదివారం పదో భాగం: మన ఫ్లెక్సీలు, వాటి డిజైనర్లు. ఇద్దరు డిజైనర్ తమ్ముళ్లు మాట్లాడటానికి ఒప్పుకున్నారు. ఈలోపు మీ ఇళ్లలో ఓటరు కార్డు నుంచి పెద్దది చేయించిన ఫోటోలు ఉంటే, అసలు కార్డు కూడా ఉంటే, రెండూ పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి.

జై భీమ్.